వెనక్కి నడవని దారులు

హోమోటోపీ అన్న మాటకు తెలుగు చేయబూని, రెండు రోజులు నిఘంటువులు తిరగేసి, చివరకు ఆ మాటనే ఉంచేశాను. మాట కొరుకుడుపడనిదే గాని విషయం సులువు. రెండు కొసలూ కదలకుండా పట్టుకుని, ఒక దారిని తెగకుండా జరుపుకుంటూ మరొక దారిమీదికి చేర్చగలిగితే ఆ రెండూ ఒకటేనని లెక్క. నడుమ గొయ్యి అడ్డుపడితే వేరు. 1895లో పొయాంకరే వేసిన పునాది ఇది. అక్కడ ప్రతి దారికీ తిరుగుదారి ఉంటుంది.

కాలానికి ఆ వెసులుబాటు లేదు. ఏకకాలంలో నడిచే రెండు కంప్యూటరు ప్రోగ్రాములకూ లేదు. ఒకదాని పురోగతిని అడ్డంగానూ, రెండవదానిని నిలువుగానూ గీస్తే వాటి ఉమ్మడి నడక కుడికీ పైకీ మాత్రమే పోయే గీత. ఒక వస్తువును ఇద్దరూ ఒకేసారి ముట్టరాదన్న నిబంధన ఆ చదరంలో గొయ్యి అవుతుంది. గొయ్యికి ఈవైపుగా పోవడమూ, ఆవైపుగా పోవడమూ రెండు వేర్వేరు చరిత్రలు. దిశగల హోమోటోపీకి ఇదొక ముఖ్యమైన ప్రేరణ.

దిశను ఎలా చెప్పాలన్న దగ్గరే పండితులు విడిపోయారు. బిందువుల మధ్య ముందువెనుకల క్రమం చాలునన్నారు కొందరు. అప్పుడు గడియారపు ముల్లులా తిరిగి మొదటికి వచ్చే నడకకు చోటుండదు. ఆ క్రమాన్ని చోటుచోటుకూ విడిగా నిర్ణయించారు మరికొందరు. 2009లో సంజీవి కృష్ణన్ ప్రతిపాదించిన ‘స్ట్రీములు’ ఆ కోవలోవే. మార్కో గ్రాండిస్ 2003లో క్రమాన్నే పక్కనబెట్టి, నడవదగిన దారులేవో చెప్పమన్నాడు. నాకు నచ్చినది ఇదే. ఈ తగవులో పెద్దమనిషి కేటగిరీ థియరీ. ఒక లోకంలోని వస్తువును రెండవ లోకంలోకి అనువదించి, మళ్ళీ వెనక్కి అనువదించి, ఏం మారిందో చూస్తుంది. స్ట్రీములకూ గ్రాండిస్ వస్తువులకూ మధ్య అటువంటి రాకపోకల జంట ఉంది. అందులో చెక్కుచెదరనివి రెండు లోకాలలోనూ ఒకటే.

ఉలి ఫారెన్‌బర్గ్ చెప్పిన అగ్గిపెట్టె వీటన్నిటికన్నా నా మనసులో నాటుకుంది. అడుగు అట్ట చించేసిన పెట్టెను ఊహించండి. అడుగున ఒక మూలనుండి ఎదురుమూలకు అంచులవెంట రెండు దారులు. దిశను పట్టించుకోకపోతే పైకప్పు మీదుగా జరిపి ఒకదానిని రెండవదానిగా మార్చవచ్చు. పైకెక్కినవాడు కిందికి దిగరాదన్నారా, ఆ ఎదురుమూలలో ఆగే దారులు అడుగును వీడనేలేవు, ఎన్నటికీ ఒకటి కాలేవు. విచిత్రమేమంటే, అక్కడ ఆగక నిలువు అంచు వెంట పైమూలదాకా సాగితే, నియమం తప్పకుండానే రెండూ ఒకటైపోతాయి!

ఊళ్ళో ఇల్లు అమ్మిన మూడు నెలలకు మా నాయనగారు కాలం చేశారు. ఏది ముందైతేనేం, ఎటు తిరిగీ ఇక్కడికే చేరేవాళ్ళం కదా అంటారు మా అన్నగారు. ఆయన పైమూలకు చేరుకున్నారు. అమ్మ ఇంకా కిందిమూలలోనే ఉంది. ఆ ఇంట్లోనే పోయి ఉండాల్సిందని ఇప్పటికీ అంటుంది.

మొన్న ఆమెకు పెట్టె చించి చూపించబోయాను. పుల్లలెక్కడ పోశావురా అని అడిగింది.