కొల్లేటి గట్టున కార్తీకం

కార్తీకమాసం వచ్చిందంటే మా ఏలూరు నేస్తానికి కాలు ఇంట్లో నిలవదు. "ఒసే, ఈ ఆదివారం వనభోజనాలకు ఆటపాక వెడుతున్నాం. మనం ముగ్గురమే! పిల్లలూ వద్దు, మొగుళ్ళూ వద్దు!" అని ఫోనులో ఆజ్ఞాపించింది. ఇది 2024 నాటి మాట.

ముగ్గురమంటే ఆమె, నేను, మా భీమవరం నేస్తం. ఎం.ఏ. తెలుగు చదివిన రెండేళ్ళూ హాస్టలులో ఒకే గదిలో ఉన్నవాళ్ళం. పేర్లు రాయవద్దని ఇద్దరూ నాచేత ఒట్టు వేయించుకున్నారు కనుక ఊళ్ళ పేర్లతోనే చెబుతాను.

భీమవరం మాట వినగానే నా గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. "ఆదివారమా! పరీక్ష పేపర్లు దిద్దాలే. కట్టలు కట్టలు పడి ఉన్నాయి" అన్నాను. పక్కనే పత్రిక చదువుకుంటున్న మావారు తలెత్తి, "ఆ కట్టలు మొన్ననే పంపించేశావు కదా!" అన్నారు, అవతలివాళ్ళకు వినపడేటట్టు. ఈ మగవాళ్ళ చెవులు ఎప్పుడు పనిచేస్తాయో, ఎప్పుడు చేయవో ఆ భగవంతుడికే తెలియాలి.

అసలు సంగతి చెప్పేస్తాను. 2021 మే నెలలో, కరోనా రెండవసారి విరుచుకుపడిన రోజుల్లో, భీమవరం నేస్తం భర్త పోయారు. వెళ్ళి పలకరించే వీలున్న రోజులు కావవి. ఫోను చేయవచ్చు, అది చేతిలోనే ఉంది. నంబరు నొక్కబోయి ఆగిపోయాను. ఏమని మొదలుపెట్టను? పోనీ రాసి పంపుదామని నాలుగు వాక్యాలు రాశాను. చదువుకుంటే, క్లాసులో పిల్లలకు చెప్పే నమూనా ఉత్తరంలాగ ఉంది. చెరిపేశాను. రేపు చేద్దామనుకున్నాను. రేపు కాస్తా వారమైంది, వారం నెలైంది. నెల దాటాక, "ఇన్నాళ్ళూ ఏమైపోయావే?" అంటే ఏం చెప్పాలన్న సిగ్గు ఒకటి వచ్చి చేరింది. ఏడాది దాటాక ఆ సిగ్గే మిగిలింది. ఇరవై ఏళ్ళుగా పదిమందికి మాటలు నేర్పి జీతం తీసుకుంటున్నదాన్ని, నాకు ఒక్క మాట దొరకలేదు!

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మా విజయవాడలో ఎన్నో పేటలను ముంచింది. మా వీధి చివరిదాకా నీళ్ళు వచ్చాయి. ఆ రాత్రి అందరికంటె ముందు ఫోను చేసింది ఎవరనుకున్నారు? భీమవరం నేస్తం! పేరు చూసి కూడా తీయలేకపోయాను. కాసేపటికి, "ఇల్లు మునగలేదు కదా? క్షేమమేనా?" అని రాసి పంపింది. "క్షేమం" అని ఒక్క మాట జవాబిచ్చి ఊరుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి బుడమేరు ఒక్కటే కారణం కాదు.

సరే, మావారి పుణ్యమా అని బయలుదేరక తప్పలేదు. గుడివాడ మీదుగా వెళ్ళే రైలెక్కి కైకలూరులో దిగాను. భీమవరం నేస్తం అటువైపు రైలులో వచ్చింది. ఏలూరు నేస్తం కొల్లేటి మధ్యగా వచ్చే బస్సులో మాకంటె ముందే చేరుకుని, ఒక చేతిలో క్యారియరుతోను, రెండో చేతిలో ఉసిరికొమ్మతోను నిలబడి ఉంది.

"కొల్లేటి గట్టున ఉసిరిచెట్టు ఎక్కడ వెతుకుతాం? మా పెరట్లోంచి కొమ్మే తెచ్చాను. దీని నీడలో తిందాం" అంది. ఆ కొమ్మ నీడ ఒక్క గారెకు సరిపోతుంది! ముగ్గురం నవ్వాము. ఆ నవ్వు చాటున భీమవరం నేస్తాన్ని చూశాను. మనిషి చిక్కింది. జుట్టు సగం నెరిసింది. "బాగున్నావా?" అంది. "బాగున్నాను" అన్నాను. అంతే.

ఆటపాక కైకలూరుకు ఆనుకునే ఉంది. పక్షుల కేంద్రంలో అడుగు పెట్టేసరికి, తిరునాళ్ళలోకి వచ్చినట్టు ఒకటే కలకలం! నీళ్ళ మధ్య చెట్లనిండా గూడబాతులే. చెట్లు చాలవని అటవీశాఖవారు నీళ్ళలో ఇనుప మంచెలు కూడా వేయించారు. వాటిమీదా కాపురాలే!

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసిన నీటిని ఉప్పుటేరు సముద్రంలో కలుపుతుంది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు (ఆయనా మాలాగ కాలేజీలో పాఠాలు చెప్పినవాడే) ఈ ప్రాంతంలో గూడబాతుల స్థావరాన్ని కనుగొన్నాడు. అప్పుడక్కడ 3,000 దాకా పక్షులు గూళ్ళు కట్టుకుని ఉండేవట. 1975 ప్రాంతానికి ఆ స్థావరం ఖాళీ అయిపోయింది. ఆ తరువాత చేపల చెరువులు వచ్చి సరస్సును ఆక్రమించాయి. 1999లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చాలా చెరువుల గట్లు కొట్టివేశారు. ఇన్ని జరిగిన చోటికి ఈ పక్షులు మళ్ళీ వచ్చి పిల్లలను పెంచుకుంటున్నాయి.

"పడవెక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి. మీరిద్దరూ వెళ్ళిరండి" అని ఏలూరు నేస్తం గట్టుమీద కూలబడింది. కొల్లేటి పక్కన పుట్టి పెరిగినదానికి పడవంటే కళ్ళు తిరుగుతాయట!

పడవ కొంతదూరం పోయాక, ఒక గూడబాతు పిల్ల తల్లి సంచిముక్కులోకి తల మొత్తం దూర్చి చేపలు తినడం కనబడింది. "హాస్టలులో నువ్వు సాంబారు గిన్నెలోకి ఇలాగే తొంగిచూసేదానివి" అంది భీమవరం నేస్తం. నవ్వబోయాను. అంతలో, "బుడమేరు వచ్చిన రాత్రి నీ జవాబు చూశాను. ఎం.ఏ. చదివినదానివి, మాటలకు అంత పొదుపేమే?" అంది.

ఇక దాచలేకపోయాను. చెరిపేసిన నాలుగు వాక్యాల దగ్గర్నుంచి అంతా చెప్పేశాను. ఆమె నీళ్ళకేసి చూస్తూ విన్నది.

"కోపం వచ్చింది. రాలేదని అబద్ధమెందుకు చెప్పను? అందరూ పలకరించారు, నువ్వు తప్ప. ఏడాదిపాటు ఎవరైనా నీ మాటెత్తితే లేచి వెళ్ళిపోయేదాన్ని. ఆ తరువాత ఆ పలకరించినవాళ్ళూ మానేశారు. ఇప్పుడు నా ఎదుట ఆయన పేరెత్తడానికి అందరికీ భయమే, మా అబ్బాయితో సహా. నేను ఏడుస్తానని కాబోలు. మూడున్నరేళ్ళు ఆలస్యమైతేనేం, వచ్చావుగా. అడుగు."

"ఏమడగనే?"

"ఆయన గురించి అడుగు."

అడిగాను. కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని చల్లారిపోయేదాకా మరిచిపోయేవారట. గొడుగు చంకలో ఉండగానే తడిసి ఇంటికి వచ్చేవారట. ఆస్పత్రికి బయలుదేరుతూ గుమ్మంలో ఆగి, "పాలవాడికి డబ్బులిచ్చావా?" అన్నారట. ఆమె విన్న ఆఖరి మాట అదే. పడవ గట్టుకు వచ్చేదాకా చెబుతూనే ఉంది. ఆమె ఏడవలేదు. ఏడ్చింది నేను! "చూశావా, నిన్ను కూడా నేనే ఓదార్చవలసి వచ్చింది!" అని కొంగుతో నా కళ్ళు తుడిచింది.

క్యారియరు మూతలో ఉసిరికొమ్మను నిలబెట్టి, పులిహోర, గారెలు, పెరుగన్నం తిన్నాము. "కళ్ళు తిరగడం తగ్గిందా?" అని ఏలూరు నేస్తాన్ని అడిగాను. "మీరిద్దరూ మాట్లాడుకున్నారుగా, తగ్గింది" అంది.

అప్పటినుంచి ఆదివారం సాయంకాలం భీమవరానికి ఫోను చేయడం నాకు అలవాటైంది. మీకూ ఎక్కడో ఒక ఊళ్ళో అటువంటి నేస్తం ఉండే ఉంటుంది. మంచి మాట దొరికేదాకా ఆగుదామనుకోకండి. కార్తీకందాకానూ ఆగవద్దు. "నేనేనే" అనండి, చాలు.