ఫోర్ట్ ఓర్డ్ నేల మీద

కాలిఫోర్నియాలో మాంటెరే అఖాతం ఒడ్డున, మెరీనా ఊళ్లో మా కాలనీ కొత్తది. దాని కింది నేల మాత్రం ఫోర్ట్ ఓర్డ్ సైనిక స్థావరానిది. 1917లో ఫిరంగి దళాల సాధన కోసం ప్రభుత్వం కొన్న భూమి పెరుగుతూ పోయి దాదాపు 28 వేల ఎకరాలయింది. కొరియాకూ వియత్నాంకూ వెళ్లిన ఎందరో కుర్రాళ్లు ఇక్కడే తుపాకీ పట్టడం నేర్చుకున్నారు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక, 1994లో దీన్ని మూసేశారు.

పొరుగున ఉన్న సీసైడ్ పట్టణమంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. 1948లో అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు తర్వాత సైన్యంలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బ్యారక్‌లో ఉండసాగారు. గేటు దాటితే సంగతి వేరు. నల్లజాతి వాళ్లకు అమ్మకూడదని ఇళ్ల దస్తావేజుల్లోనే రాసుకున్న రోజులవి. ఇల్లు దొరకని సైనిక కుటుంబాలకు చోటిచ్చింది సీసైడే. స్థావరం మూతపడితే సైనికుల జీతాల మీద బతికిన ఊళ్లు ఎంత కుంగిపోయి ఉంటాయో వేరే చెప్పాలా?

స్థావరం మూసేసిన మరుసటి ఏడాదే ఇక్కడ స్టేట్ యూనివర్సిటీ తెరిచారు. సైనికుల గదుల్లోకి విద్యార్థులు వచ్చారు. అది త్వరగా జరిగిన పని. మిగతాదంతా మెల్లగానే సాగింది, సాగాలి కూడా. పాత బ్యారక్‌ల నిండా ఆస్‌బెస్టాస్, సీసం కలిసిన రంగులు. భూగర్భ జలంలో రసాయన ద్రావకాలు. గురి తప్పిన, పేలకుండా పొదల్లో మిగిలిపోయిన గుండ్లు సరేసరి. పొద అడ్డుంటే గుండు కనబడదు కనుక, గాలి అనుకూలించే రోజు చూసి సైన్యమే ఆ పొదలకు నిప్పు పెడుతుంది. తర్వాత నిపుణులు అడుగడుగూ వెతుకుతారు. ఆశ్చర్యమేమిటంటే, ఇక్కడి అరుదైన మొక్కలు కొన్ని మంట తగిలాకే మళ్లీ మొలకెత్తుతాయి. 2012లో ఒబామా జాతీయ స్మారకంగా ప్రకటించిన 14 వేల పైచిలుకు ఎకరాల్లో ఆ పొదలూ ఉన్నాయి. అక్కడ నడకకు వెళ్తే మా పిల్లలకు చెప్పేది ఒకటే: వింత లోహపు ముక్క కనిపిస్తే ముట్టుకోవద్దు, వచ్చిన దారినే వెనక్కి రండి, 911కి ఫోన్ చేయండి.

పొగ వచ్చినప్పుడు విసుక్కునే ఇరుగుపొరుగు ఉన్నారు. నాకు ఆ పొగ మీద కోపం లేదు. పాడుచేసినవాళ్లే శుభ్రం చేస్తున్నారు, ఎన్నేళ్లు పట్టినా చేయాలి. నా బాధ ఇళ్ల ధరల గురించి. సముద్రపు ఉప్పునీరు భూగర్భ జలంలోకి చొరబడుతున్న చోట ఎన్ని పడితే అన్ని ఇళ్లు కట్టలేరు. కట్టే ఆ కొద్దిపాటి ఇళ్లు సిలికాన్ వ్యాలీ జీతాలకే అందితే, పక్కనే సాలినాస్ లోయలో లెట్యూస్ కోసేవాళ్లు ఎక్కడుండాలి? సైనికుల కోసం ప్రజల డబ్బుతో కొన్న నేల ఇది. ఇక్కడ కట్టే ఇళ్లలో సింహభాగం ఆ పొలం కూలీలకే దక్కాలని నేను సిటీ కౌన్సిల్ సమావేశాల్లో అడుగుతున్నాను, ఇకముందూ అడుగుతాను.