జహీరాబాద్ పల్లెల్లో దోసెడు విత్తనం

భూమిని కాపాడాలి అనే మాట వినగానే మనకు పెద్ద పెద్ద సభలు, ప్రభుత్వ పథకాలు, శాస్త్రవేత్తల ఉపన్యాసాలు జ్ఞాపకం వస్తాయి. పల్లెటూరిలో రెండెకరాలు చేసుకునే కుటుంబం అందులో చేయగలిగిందేముంది అనుకుని ఊరుకుంటాము. అయితే తెలంగాణలో జహీరాబాద్ చుట్టుపక్కల పేద స్త్రీలు నలభై ఏళ్ళుగా ఒక చిన్న పనిని మానకుండా చేస్తున్నారని విన్నాము. దానిని కళ్ళారా చూడాలని సంక్రాంతి వెళ్ళిన వారంలో మా సంఘం నుండి ఎనిమిది మందిమి బయలుదేరాము. ఐదుగురు రైతులు, ముగ్గురు గృహిణులు. అందరమూ కృష్ణా డెల్టా వాళ్ళమే. వరి, దాని వెనుక మినుము తప్ప మరో పంట పెద్దగా ఎరగము.

దారి పొడుగునా

రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి లింగంపల్లిలో దిగి, ముంబాయి రహదారి మీద బస్సు పట్టుకున్నాము. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ పరిశోధనా క్షేత్రం కనిపించింది. 1972లో స్థాపించిన ఈ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి మెట్ట పంటల మీద పని చేస్తుంది. ఇక్కడి విత్తన నిధిలో లోకం నలుమూలల నుండి తెచ్చిన లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలు ఉన్నాయి. చాలాకాలం నిలవ ఉండవలసిన వాటిని సున్నాకు 20 డిగ్రీలు దిగువన చల్లని గదులలో దాస్తారు. అది చాలా అవసరమైన పని. మేము చూడబోయేది కూడా విత్తన నిధే గాని, దానికి కరెంటు అక్కర్లేదు.

సదాశివపేట దాటిన తరువాత నేల రంగు మారుతూ వచ్చింది. ఒక చోట ఎర్ర చెలక, కొంచెం దూరం పోగానే నల్లరేగడి. హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న జహీరాబాద్ 2016 వరకు మెదక్ జిల్లాలోది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలోది. కర్ణాటక సరిహద్దు దగ్గరే గనుక ఇక్కడి మాటలో కన్నడం, ఉర్దూ కలిసి వినిపిస్తాయి. చెరుకు బండ్లు ఎదురయ్యాయి గాని, మా వైపులా కాలువలు మాత్రం ఎక్కడా లేవు. వాన పడితే పంట, లేకపోతే లేదు.

నల్లరేగడిలో జొన్న నిలబడి ఉంది. చేను అంచున ముళ్ళ ఆకులతో కుసుమ చెట్లు పూశాయి. ఆ ముళ్ళకు జడిసి పశువులు లోపలికి రావట. మధ్యలో శనగ, అవిసె. వానాకాలం నేలలో మిగిలిన తేమతో, చలికాలపు మంచుతో, ఎరువూ మందూ లేకుండా పెరిగే ఈ పంటలను ఇక్కడి స్త్రీలు ‘సత్యం పంటలు’ అంటారు. ఆ పేరు విని మాలో ఒకాయన అక్కడే ఆగి, చేనును మళ్ళీ ఒకసారి చూశాడు.

బీడు పడిన చెలకలు

జహీరాబాద్ పట్టణానికి ఆనుకునే పస్తాపూర్ ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ 1983లో ఇక్కడ పని మొదలుపెట్టింది. దాని స్థాపకులలో ముఖ్యుడైన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో కన్నుమూశారు. ఈ సంస్థ ఆధ్వర్యంలోని మహిళా సంఘాలు 75 గ్రామాల వరకు ఉన్నాయి. సభ్యులు సుమారు 5,000 మంది, ఎక్కువమంది దళిత స్త్రీలు.

ఒకప్పుడు ఈ స్త్రీలకున్న భూమి పేరుకే భూమి. రాళ్ళు తేలిన ఎర్ర చెలకలు చాలా భాగం బీడు పడి ఉండేవి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. పేదల కడుపు నింపిన పథకమే అది. అయితే జొన్న తినే ఇళ్ళకు కూడా బియ్యమే వచ్చేసరికి, కష్టపడి జొన్న వేయడం ఎందుకనే ఆలోచన మొదలైంది. వేయని పంటకు విత్తనం దాచేవారుండరు. రెండు మూడేళ్ళు దాచకపోతే ఆ రకం ఆ ఊరిలో ఇక లేనట్లే. చెలక బీడు పడితే మేత పోయింది, మేత పోతే పశువులు, పశువులు పోతే పెంట ఎరువు పోయాయి. ఒకటి జారితే దాని వెనుక అన్నీ జారాయి.

1990ల మధ్యలో ముప్పై వరకు గ్రామాలలో సంఘాల స్త్రీలు ఈ బీళ్ళను తిరిగి సాగులోకి తెచ్చారు. దున్నడానికి, ఎరువుకు అప్పు తీసుకున్నవారు దానిని డబ్బు రూపంలో కాక కొన్నేళ్ళపాటు జొన్నలుగా తీర్చారు. ఆ జొన్నలను ఊరిలోనే నిలవచేసి, కరువు నెలలలో పేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎంత పేదవారో తేల్చడానికి ఊరివాళ్ళే నేల మీద ముగ్గుతో ఊరి పటం గీసి, ఇల్లిల్లూ చర్చించి నిర్ణయించారు. ఐగుప్తులో యోసేపు కరువు కోసం ధాన్యం దాచిన సంగతి మనకు తెలుసు. అక్కడ కొట్లు రాజువి, తాళాలు అధికారులవి. ఇక్కడ ధాన్యమూ తీర్పూ కూడా కూలి చేసుకునే తల్లుల చేతిలో ఉన్నాయి.

బూడిద, వేపాకు, మట్టి

ఒక పెద్దమ్మ తన ఇంటిలోకి పిలిచి విత్తనాలు చూపింది. ఒకే గది ఇల్లు. గోడవార పేడమట్టితో అలికిన వెదురు బుట్టలు వరుసగా ఉన్నాయి. మూతులు కూడా మట్టితో మూసివేసి ఉన్నాయి. ఒక్కొక్క దానిలో ఏముందో ఆమె తడుముకోకుండా చెప్పింది: పచ్చజొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, అలసంద, నువ్వు, పుంటికూర. మేము గోంగూర అనేదే వారికి పుంటికూర.

విత్తనం ఎన్నడం కోతకు ముందే మొదలవుతుంది. చేను నిలబడి ఉండగానే ఇంటి ఆడమనిషి నడుమ నడుమ తిరిగి, తెగులు లేని నిండు కంకులను ఏరి వేరుగా పెడుతుంది. వాటిని బాగా ఎండబెట్టి, చేత్తో నూర్చి, బూడిదా వేపాకూ కలిపి బుట్టలో పోస్తుంది. కందులకైతే ఎర్రమట్టి పట్టించి ఎండబెడతారు, అప్పుడు పురుగు పట్టదు. దీనికి కొని తెచ్చేదేమీ లేదు. రోజుకు కొంచెం పొద్దు, కొంచెం శ్రద్ధ చాలు.

ఒకే ఎకరంలో ఇన్ని పంటలు కలిపి ఎందుకు వేస్తారని అడిగాము. వాన ముందుగా ఆగిపోతే తక్కువ రోజుల కొర్ర, సామ చేతికి వస్తాయి. ఆలస్యంగా పడితే కంది నిలబడుతుంది. పప్పు జాతి వేళ్ళు, రాలిన ఆకు నేలకు బలం. జొన్న మనుషులకు, చొప్ప పశువులకు. అన్నీ ఒకే ఏడు పోవు అన్నది వారి లెక్క. మధ్యలో వాటంతటవే మొలిచే గునుగు, తుమ్మి, పొన్నగంటి కూడా కలుపు అని పారేయరు. కూర వండుకుంటారు.

మాలోని రైతులు దిగుబడి సంగతి గట్టిగానే అడిగారు. నిజం చెప్పాలంటే, కాలువ నీటి కింద మాకు వచ్చే వరితో పోల్చితే ఎకరానికి ఇక్కడి జొన్న తక్కువే. అయితే వారు పంటకు ముందు అంగడికి పోయి విత్తనం కోసం, మందుల కోసం అప్పు చేయరు. మేము చేస్తాము. పంట పోయిన ఏడు వారికి మిగిలేది ఆకలి తక్కువైన ఇల్లు, మాకు మిగిలేది వడ్డీ. ఆ మాట మీద మా వాళ్ళు చాలాసేపు మౌనంగా ఉన్నారు.

ఇచ్చినది పెరిగి తిరిగి వస్తుంది

ఇక్కడ విత్తనం అమ్మరు. కావలసినవారికి కొలిచి ఇస్తారు. పంట వచ్చాక తీసుకున్న దానికంటే ఎక్కువ, ఒకటికి ఒకటిన్నరో రెండో, తిరిగి ఇవ్వాలి. ఆ వచ్చినది మరొకరికి పోతుంది. ఒక ఇంటిలో బుట్ట తడిసి పాడైనా, కరువులో ఎవరైనా విత్తనం తినవలసి వచ్చినా, అదే రకం పొరుగు ఇంటిలో, పక్క ఊరిలో బతికి ఉంటుంది. చల్లని గదిలోని విత్తనం నిద్రపోతూ భద్రంగా ఉంటుంది. ఈ బుట్టలలోనిది ఏటేటా మట్టిలోకి వెళ్ళి, ఆ ఏటి వానకు, ఎండకు అలవాటు పడి తిరిగి వస్తుంది. లోకానికి రెండూ కావాలి.

మేము వెళ్ళినది పాత పంటల జాతర రోజులు. ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి సంక్రాంతి తరువాత అలంకరించిన ఎడ్లబండ్లలో విత్తనాల కుండలు పెట్టుకుని, సుమారు నెల రోజులు ఊరూరా తిరుగుతారు. మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న మొదలైన సంగం రేడియోను కూడా దూరం నుండే చూశాము. నరసమ్మ అనే పేరు గల ఇద్దరు దళిత స్త్రీలు దానిని నడిపి పేరు తెచ్చుకున్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి ఈ సంస్థకు వచ్చింది. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఈ తల్లులు దాచినదాని విలువ లోకానికి కొంత ఆలస్యంగా తెలిసింది.

అయినా అంతా నిశ్చింతగా లేదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో పెద్ద పారిశ్రామిక మండలి కోసం వేల ఎకరాల సేకరణ సాగుతూ వచ్చింది. భూమి పోతే బుట్టలో విత్తనం ఉండి ఏం లాభం అన్నది ఇక్కడి ప్రశ్న. పిల్లలు పట్నం పనులకు పోతున్నారు. బుట్టలు అలికే చేతులు చాలావరకు ముసలి చేతులే.

మన ఇళ్ళలో

మన సంఘాలలో అక్కలు ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం వేరుగా తీసిపెట్టడం మనకు కొత్త కాదు. ఆ పిడికెడు తీసినందుకు ఏ ఇల్లూ పస్తు పడుకోలేదు. విత్తనం విషయంలో కూడా అదే అలవాటు చేసుకోవచ్చు. పెరటిలో చిక్కుడు, తోటకూర, గోంగూరతో మొదలుపెట్టండి. మొదటి నిండు కాయలలో కొన్నిటిని తెంపకుండా చెట్టునే ఎండనివ్వండి. హైబ్రిడ్ విత్తనం దాచి వేస్తే తల్లి గుణం నిలవదు గనుక నాటు రకమే ఎంచుకోండి. బీర, సొర, గుమ్మడి పక్క తీగెల పుప్పొడితో కలుస్తాయి గనుక ఒక్కొక్క దానిలో ఒకే రకం పెంచండి. మెరక చేనున్నవారు ఒక మూల కొర్రో జొన్నో వేసి, వారానికి ఒక పూట అది వండుకోండి. తినేవారుంటేనే పంట బతుకుతుంది. పిల్లల చేత బుట్ట మీద పేరు, సంవత్సరం రాయించండి, వారికీ ఆ పని తెలుస్తుంది.

మేము బయలుదేరేటప్పుడు ఆ పెద్దమ్మ, జొన్నరొట్టె తిని గాని పోవద్దని కూర్చోబెట్టి, దోసెడు కొర్ర విత్తనం మూట కట్టి ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు. పండాక రెట్టింపు తిరిగి ఇవ్వాలి, తనకు కాకపోయినా మరో ఇంటికి. మేము దానిని మూడు ఇళ్ళకు పంచుకున్నాము. తొలకరికి మెరక చేలలో వేస్తాము. పండితే, మా సంఘంలో అడిగిన మొదటి ఆరు కుటుంబాలకు అదే షరతు మీద ఇస్తాము.