నిలిచియున్న బండి ఆకలి

మా ఇంటి ముంగిట ఒక పాత కారు కలదు. వారమునకొకసారి సంతకును, మాసమునకొకసారి మా అమ్మగారిని వైద్యునికడకు కొనిపోవుటకును తప్ప దానితో నాకు పని లేదు. బడికి నడిచియే వత్తును. కదలని బండికి ఖర్చేమున్నదని నా ధీమా.

2023 వేసవి సెలవులలో నలువది దినములు చిత్తూరున గడపి, హోసూరు దాపుననున్న మా యూరికి తిరిగి వచ్చితిమి. ఆ రాత్రియే అమ్మకు ఆయాసము హెచ్చెను. కారు తాళము త్రిప్పగా టక్కుమను చప్పుడు మాత్రము వినవచ్చెను. దీపములు మిణుకుమని ఆరిపోయెను. పొరుగుననున్న కూరగాయల వ్యాపారిని లేపి, అతని బండిలో టమోటా బుట్టల నడుమ అమ్మను కూర్చుండబెట్టుకొని ఆసుపత్రికి పోయితిమి. దైవము మేలు చేసెను. అయినను ఆ అరగంట నేను మరువలేను.

మరునాడు మెకానిక్కు షెడ్డునుండి వచ్చిన కుర్రవాడు నా పదవ తరగతి విద్యార్థియే. గురులఘువులు గుర్తింపలేడని, వీనికి చదువు అబ్బదని, నలుగురి యెదుట నేను పలుమారు అనియుంటిని. అతడు బ్యాటరీకి మీటరు తగిలించెను. నిండియున్నచో 12.6 వోల్టులకు తక్కువ కారాదు. పదునొకటియు చిల్లర మాత్రమే చూపెను.

"బండి నిలిచినా బ్యాటరీ తింటానే ఉంటాది సార్. గడియారానికి, పాటల పెట్టెకి, తాళానికి ఇస్తానే ఉండల్ల. ఊరికే పెట్టినా కొంచెం కారిపోతాది. ఎండకు ఇంకా జాస్తి."

తిరిగి చార్జి చేసి కొలువగా, నిలిచియున్న బండి 30 మిల్లీ ఆంపియర్లు లాగుచుండెను. బాలబాలికలారా, లెక్క వేసి చూడుడు. దినమునకు 0.72 ఆంపియర్ గంటలు. నలువది దినములకు ఇంచుమించు 29. నా బ్యాటరీ మొత్తము 35! మీ ఇండ్లలో నెలల తరబడి కదలక నిలుచు ట్రాక్టరు బ్యాటరీయు ఇట్లే నీరసించును. అట్లు ఖాళీగా వదలినచో లోపలి సీసపు రేకులపై పెచ్చు గట్టిపడి, పిమ్మట ఎంత చార్జి చేసినను నిలువదు. వారమునకొకసారి అయిదు నిమిషములు ఇంజను నడపిన చాలుననువారు కలరు. వారమంతయు నిలిచి తినినది దానితో సరిగా తీరదు.

అతడు చెప్పిన ఉపాయము పది వాట్ల సౌరఫలకము. పాఠ్యపుస్తకమున ఆ మాటయే యున్నది. అతడు మాత్రము "ఎండపలక" అనెను. ఏల కాకూడదు? మంచి యెండలో అది అర ఆంపియరు ఇచ్చును. దినమునకు రెండు ఆంపియర్ గంటలు దక్కినను, బండి తినుదానికి రెండింతలు మించును. పడమటి దేశములలో కారు వెనుక ఇంటినే లాగికొనిపోవు యాత్రికులు ఆ ఇంటి కప్పుపై ఇట్టి పలకలనే పరతురు. 1958లో వాన్‌గార్డ్ ఉపగ్రహమునకు శక్తి నొసగినదియు ఈ జాతి ఘటములే.

నేను తొందరపడి, పలకను కారు పాక రేకులపై కొబ్బరిచెట్టు ప్రక్కన బిగింపించితిని. ఒక్క మట్ట నీడ పడినంతనే విద్యుత్తు మూడువంతులు తగ్గెను! పలకలోని ఘటములు గొలుసువలె ఒకదానినొకటి పట్టుకొనియుండును. ఒక కడియము చీకటిలో పడిన గొలుసంతయు కుంటును. దానిని దక్షిణపు కొసకు మార్చితిమి.

"రాత్రిలో పలకే బ్యాటరీని తాగేస్తాది సార్. నడుమ ఒక కావలి పెట్టల్ల" అని అతడొక చిన్న పెట్టెను బిగించెను. రాత్రి విద్యుత్తు వెనుకకు పోకుండ ఆపునది, 14.4 వోల్టులు దాటి బ్యాటరీలోని నీరు ఆవిరైపోకుండ కాచునది అదియే. చార్జి కంట్రోలరు అనుదానికి నేను సంస్కృతపదము వెదకుచుండగా, "కావలి" అనుమాట వాని నోట సిద్ధముగా నుండెను. మరునాడు నా తెలుగు గంటలో సుద్దముక్క వానికిచ్చి బల్లకడకు పంపితిని.

మరుసటి వేసవిని చిత్తూరునుండి వచ్చినప్పుడు, సామాను దింపకమునుపే అమ్మ నన్ను తాళము త్రిప్పుమనెను. బండి కదలెను. ఆ బాలుడిప్పుడు ఐ.టి.ఐ.లో విద్యుత్తు పని నేర్చుచున్నాడు. గురులఘువులు నేటికిని రావు.