నిలబడి చెడే బండి

సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం చేరేసరికి పొద్దున తొమ్మిదే. రోహిణి కార్తె ఎండ మాత్రం అప్పుడే రేకుల షెడ్డును కాల్చేస్తోంది. మా బావగారి 2009 నాటి టెంపో ట్రావెలర్‌ను దాని ముందు ఆపాం. వెనక సీట్లు తీయించి రెండు పడకలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించుకున్నారు. 2024లో పదిహేనేళ్లు నిండితే మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించారు. అక్కాబావలు శ్రీశైలం, అహోబిలం చూసొచ్చింది అందులోనే. ఎనిమిది నెలలుగా మాత్రం ఇంటి ముందు కదలకుండా ఉంది.

మేస్త్రీ ఆర్టీసీ గ్యారేజీలో చేసి రిటైరైన పెద్దాయన. బానెట్ ఎత్తుతారనుకున్నాం. నిచ్చెన వేయించుకుని బండి పైకెక్కారు.

"ఇంజన్ ఖరాబైతే బాగు చేసుకోవచ్చు సార్. నీళ్లు దిగి చెక్క మురిగితే ఇల్లే పోతది."

పైనున్న గాలి కిటికీ చుట్టూ సీలెంట్ ఎండిన చెరువు మట్టిలా పగిలింది. పగలు ఎండకు రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఆ లాగుడుకు పాత సీలెంట్ ఓర్చుకోలేదు. కిందికి దిగి, పరుపు ఎత్తి, మూలనున్న ప్లైవుడ్‌ను బొటనవేలితో నొక్కారు. వేలు దిగబడింది. అక్క మొహం చిన్నబోయింది. పైన మరకైనా లేదు, మాకెవరికీ తట్టలేదు. మురిగినంత మేర కోసి కొత్త చెక్క వేయాలన్నారు. పాత సీలెంట్ మీదే కొత్తది పూస్తే నిలవదట. మొత్తం గీకి, తుడిచి, ఆరాకే పూయాలి. అదీ మృగశిర రాకముందే.

టైర్ల గ్రిప్ బాగానే ఉందని బావగారి ధీమా. మేస్త్రీ టైరు పక్కన అచ్చైన నాలుగంకెలు చూపించారు: 2216. అంటే 2016లో 22వ వారం తయారీ. అరగకపోయినా రబ్బరుకు వయసు పైబడింది, పక్కల్లో వెంట్రుకంత పగుళ్లు. నాలుగూ మార్చక తప్పలేదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. డీజిల్ ట్యాంకు సగం ఖాళీగా ఉంచి నిలబెడితే లోపల చెమ్మ పట్టి నీళ్లు చేరతాయి. ఫిల్టర్ కింది మర విప్పితే ముందు నీళ్లే కారాయి. గ్యాస్ పైపు మీది తేదీ చూసి, ఐదేళ్లు దాటిందని తీసి పక్కన పడేశారు. కొత్తది బిగించి, అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు రాలేదని చూశాకే పొయ్యి వెలిగించనిచ్చారు.

"వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతూనే ఉన్నా కదన్నా," అన్నారు బావగారు.

"గంతల ఇంజన్ వేడెక్కదు సార్, సైలెన్సర్ల నీళ్లు నిలుస్తయి. పదిహేను రోజులకోసారి ఇరవై కిలోమీటర్లు తోలున్రి. బండి తిరిగి చెడేది తక్కువ, నిలబడి చెడేదే ఎక్కువ."

ఆ మాట నాకు బాగా నాటింది. బండిని ఎండకు, వానకు వదిలేసి 'వాడట్లేదు కదా, పాడవదు' అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

నాలుగో రోజు మళ్లీ వెళ్లాం. కొత్త టైర్లు కదా, యాభై కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మరోసారి బిగించుకోమని చెప్పి, కుర్రాడి చేత పైన బకెట్ల కొద్దీ నీళ్లు పోయించారు. అక్క లోపల కొత్త చెక్క మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. ఆరో బకెట్ అయ్యాక కిటికీలోంచి తల బయటపెట్టింది.

"పొడిగానే ఉందన్నా!"