తొమ్మిదో రాకుమారి

2024 నవంబర్ 9, శనివారం
జహీరాబాద్

హైదరాబాద్ నుంచి వచ్చింది మొదలు మా అమ్మాయిది ఒకటే పోరు: "అమ్మా, ఈ చైనా సీరియల్ నువ్వు చూడాల్సిందే." పేరు 'గుడ్‌బై మై ప్రిన్సెస్'. 2019లో ప్రేమికుల రోజున అక్కడ మొదలైందట. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో చూస్తున్నాం. కథలో రాజ్యాలన్నీ కల్పితాలే. కానీ కాలేజీలో చరిత్ర చెప్పుకునేదాన్ని, ఆ కల్పన అడుగున ఏముందో తెలుస్తూనే ఉంది.

షీజౌ రాజుకు తొమ్మిదో కూతురు షియావ్‌ఫెంగ్. గుర్రాల మీద, ఇసుకలో పెరిగిన పిల్ల. తూర్పున ఉన్న పెద్ద రాజ్యం సంధి కోసం ఆమెను కోడలిగా అడుగుతుంది. ఆమెకు ఇష్టం లేదు. ఎడారిలో గు షియావ్‌వు అనే టీ వర్తకుడు తారసపడతాడు. ఆమె అడిగిందని చీకట్లో ఎగిరెగిరి మిణుగురులు పట్టి తెస్తాడు. ఆ సీను చూస్తూ నేనూ చిన్నపిల్లనైపోయాను. అతనే ఆ పెద్ద రాజ్యం రాకుమారుడు లీ చెంగ్‌యిన్. ఆమె తల్లి పుట్టిల్లు దాన్‌చి తెగ. ఆ తెగలోనే పెళ్లి పెట్టుకుని, ఆ రోజే సైన్యాన్ని వాళ్ల మీదికి తెస్తాడు. ఆమె తాతను తన చేత్తో చంపుతాడు.

ఆ తర్వాత ఆమె ఎర్రటి పెళ్లిబట్టల్లోనే కొండ మీంచి మరపునదిలో దూకుతుంది. వెనకే అతనూ దూకుతాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఎవరి కోసం? ఆ దూకుడు చూశాక అతని కోసం. అదే మింగుడుపడటం లేదు. తాత చచ్చిపడి ఇంకా ఎంతో సేపు కాలేదు.

నవంబర్ 12, మంగళవారం

అమ్మాయి వెళ్లిపోయింది. మిగతాది ఒక్కదాన్నే చూస్తున్నాను. నది నీళ్లు ఇద్దరి జ్ఞాపకాన్నీ కడిగేశాయి. యువరాజు, యువరాణిగా ఒకే కోటలో ఉంటారు, ఒకరికొకరు కొత్తవాళ్లు. పోట్లాడుకుంటారు, మళ్లీ దగ్గరవుతారు. ఈ భాగం చూడటానికి హాయిగా ఉంది. ఆ హాయే నన్ను భయపెడుతోంది. మరిచిపోతే తప్ప ప్రేమించలేని మనిషిని ఆమె మళ్లీ ప్రేమించడం మొత్తం ఆ నది చలవే. చంపినవాడికి శిక్ష పడాల్సిన చోట మరుపు వరమై దొరికింది.

ఎప్పుడూ పక్కనే ఉండి, అన్నీ గుర్తున్నది ఆదుకు. దాన్‌చి పిల్ల, షియావ్‌ఫెంగ్‌కు నీడలా ఉండే అంగరక్షకురాలు. ఆమెకు మాట పోయింది. పక్కనే ఉన్న సాక్షిని కథ మూగదాన్ని చేసింది. రాసినవాళ్లు తెలిసే చేసి ఉంటే వాళ్లకు దండం పెట్టాలి.

సాయంత్రం పక్కింటి ఆపా వచ్చింది. నా మొహం చూసి కథంతా చెప్పించుకుంది. విన్నాక ఒకటే మాట అంది: "కాతిల్ కే వాస్తే కాయ్‌కు రోరే తుమ్?" హంతకుడి కోసం ఎందుకేడుస్తున్నావని. జవాబు చెప్పలేకపోయాను. ఆపా టీ తాగి వెళ్లింది గానీ ప్రశ్న ఇక్కడే ఉంది.

నవంబర్ 17, ఆదివారం

బీదర్‌లో చుట్టాల పెళ్లి. మాకు గంట ప్రయాణం. దారంతా చెరుకు ట్రాక్టర్లు. భోజనాలయ్యాక అష్టూరు వెళ్లాం, బహమనీ సమాధుల దగ్గరికి. అహ్మద్ షా వలీ గుమ్మటం లోపల చీకటి. అక్కడి మనిషి వాకిట్లో అద్దం పట్టి ఎండను లోపలికి తిప్పాడు. బంగారు రంగు, సింధూరపు రంగు, అక్షరాలు, తీగలు ఒక్కో చోట వెలిగి, అద్దం కదిలితే ఆరిపోయాయి. మాటలు రాలేదు కాసేపు.

ఈ అహ్మద్ షా అన్న ఫిరోజ్ షా గుల్బర్గాలో 1397 నుంచి 1422 దాకా ఏలాడు. విజయనగరం మొదటి దేవరాయలతో యుద్ధం చేసి, 1407 నాటి సంధిలో రాయల కూతుర్ని పెళ్లాడాడు. బంకాపురం కట్నంగా ఇచ్చారు. ఇదంతా రెండు వందల ఏళ్ల తర్వాత చరిత్రకారుడు ఫిరిస్తా రాసిన కథనం. నగరద్వారం నుంచి కోట దాకా దారి పొడవునా జరీబట్టలు పరిచారని ఎంతో వివరంగా రాశాడు. అల్లుణ్ని సాగనంపడానికి వచ్చిన మామ మధ్యలోనే వెనక్కి తిరిగాడని ఫిరోజ్ షాకు కోపం వచ్చిందనీ రాశాడు. దారి మీద పరిచిన బట్ట సంగతి ఉంది, మగవాళ్ల అలక సంగతి ఉంది. ఆ పిల్ల పేరు మాత్రం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. పెళ్లితో శాంతి వచ్చిందా అంటే అదీ లేదు. ఫిరోజ్ షా పానగల్లు కోటను ముట్టడించి, 1420 ప్రాంతంలో ఓడిపోయి తిరిగొచ్చాడు. పుట్టింటివాళ్ల చేతిలో మొగుడు ఓడినప్పుడు ఆమె ఇంకా బతికి ఉందా? ఉంటే ఎటువైపు ఏడ్చింది?

గజపతి కూతురు తుక్కాదేవి సంగతీ అంతే. కృష్ణదేవరాయలకు సంధి కోసమే ఇచ్చారు. కంభంలో ఒంటరిగా బతికిందని, అయిదు శ్లోకాలు రాసిందని చెప్పుకుంటారు. చైనాలో క్రీ.పూ. 33లో వాంగ్ ఝావ్‌జున్‌ను షియోంగ్ను రాజుకు పంపారు, 641లో టాంగ్ చక్రవర్తి వెన్‌చెంగ్‌ను టిబెట్‌కు పంపాడు. వాళ్లకు పాటలున్నాయి, బొమ్మలున్నాయి. మన రాయల కూతురికి పేరైనా దక్కలేదు. ఈ సీరియల్ నాకు నచ్చిన కారణం ఇవాళ తెలిసింది. సంధిలో ఇచ్చేసిన పిల్లను మధ్యలో నిలబెట్టి, ఆమె కళ్లతో రాజ్యాలను చూపించారు. ఆ పని చరిత్ర పుస్తకాలు చేయలేదు. నేను పాఠం చెప్పేటప్పుడు కూడా "సంధి, వివాహం, బంకాపురం" అని ఒక్క వాక్యంలో దాటించాల్సి వస్తుంది, పరీక్షలో వచ్చేది అంతవరకే.

నవంబర్ 23, శనివారం

అయిపోయింది. ఆఖరి భాగం అమ్మాయి వచ్చాక ఇద్దరం కలిసి చూశాం. ఆమెకు జ్ఞాపకం తిరిగొచ్చింది. ప్రేమా పోలేదు, పగా పోలేదు. సరిహద్దులో రెండు సైన్యాల మధ్య నిలబడి, షీజౌ మీద దండెత్తనని అతని చేత మాట తీసుకుని, కత్తి తన మెడకే పెట్టుకుంది. ఆమెగా వేసిన పెంగ్ షియావ్‌రాన్ ఆ సీనులో గొంతు పెంచలేదు. మొదట్లో గలగల నవ్విన పిల్ల ఈమేనా అనిపించింది. పెళ్లితో రాని హామీని చచ్చి రాబట్టింది. ఆ క్షణాన రాజ్యం తరఫున మాట్లాడింది ఆమె ఒక్కతే.

అక్కడ ఆపేసి ఉంటే బాగుండేది. కెమెరా మళ్లీ అతని దగ్గరికే పోయింది. అతని ఏడుపు, అతని ఒంటరితనం. అతనిగా వేసిన చెన్ షింగ్‌షూ గొప్పగా చేశాడు, కాదనను. అతని కళ్లు చూస్తే జాలి పుట్టకుండా ఉండదు. సీరియల్ వాళ్లు మన చేతికి ఆ జాలినిచ్చి పంపించేశారు, దాన్‌చి ముసలాయన ఎక్కడో వెనకబడిపోయాడు. ఒక తెగంతా పోతే, అది వీళ్లిద్దరి ప్రేమకు వచ్చిన అడ్డంకిలా మిగిలింది. నాకు కోపం అందుకే.

అమ్మాయి ఒప్పుకోలేదు. "అమ్మా, గు షియావ్‌వు అబద్ధం కాదు. ఆయన నిజంగనే ప్రేమించిండు. జీవితాంతం శిక్ష పడ్డది గదా."

"నిజంగనే ప్రేమించిండు, నేను కాదంటలేను. ప్రేమించి కూడా చంపిండు. ప్రేమ లేకుంటే పగోడని అనుకుని ఊకుందుము."

"మరి ఏడ్చినవ్ కదా?"

"ఏడ్చిన. మళ్ల చూసినా ఏడుస్త."

చాలాసేపు వాదించుకున్నాం. తను ఇప్పటికీ అతని వైపే. మళ్లీ మొదటి నుంచి చూద్దామంటోంది. చూస్తాను, కానీ ఈసారి నా చూపంతా ఆదు మీదే. వాళ్లిద్దరూ కోటలో నవ్వుకుంటున్న ప్రతి సీనులో, వెనక నిలబడ్డ ఆ పిల్ల మొహంలో ఏముందో చూడాలి.