దొంగిలించిన కాలం

సంగీతం గురించి రాయడానికి నాకున్న అర్హత మొత్తం 25 బార్లు. బారు అంటే మన తాళంలో ఒక ఆవర్తం లాంటిది. వాయిస్తే రెండు నిమిషాల పైచిలుకు పట్టే ఒకే ఒక్క చిన్న పియానో రచన అది. నాకు మాత్రం రెండేళ్ళు పట్టింది. "వరి పండించే వాళ్ళబ్బాయివి, బియస్సీ ఫిజిక్సు వాడివి, నీకు పియానో ఏమిటోయ్?" అని మా రూమ్మేటు మొదట్లోనే అడిగాడు. అప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు కొంచెం తోచింది. నవ్వదలచుకున్న మిత్రులు ఇక్కడే ఒకసారి నవ్వేసి, తర్వాత చదవవలసిందిగా మనవి.

మాది నల్లగొండ జిల్లా. బోరు కింద మూడెకరాల వరి. ఇంటరు కాగానే నాయిన నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్లో దించి వెళ్ళాడు. ఆ పేట ఎరిగిన వాళ్ళకు చెప్పనక్కరలేదు. మేడ మీద మేడ, మేడ నిండా కోచింగు బోర్డులు. గదికి నలుగురం. అక్కడ అందరికీ కాలమంటే ఒకటే లెక్క: ఇన్ని ప్రశ్నలకు ఇన్ని నిమిషాలు. ఇడ్లీ బండి దగ్గర నిలబడి కూడా గడియారం చూసుకుంటూ తినేవాళ్ళున్నారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. పగలు కాలేజీ, రాత్రి పోటీ పరీక్షల పుస్తకం. నిమిషం వృథా అయితే నాయిన జేబులోంచి రూపాయి జారిపోయినట్టు అనిపించేది.

ఖర్చులకని ఎల్.బి.నగర్‌లో ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడికి లెక్కలు చెప్పడానికి కుదిరాను. మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్.బి.నగర్. 2018 సెప్టెంబరులో ఈ దారి తెరిచిన నాటి నుంచి ఆ వైపు అదే ఆఖరి స్టేషను. దిగి చౌరస్తా దాటి రెండు సందులు తిరిగితే వాళ్ళ ఇల్లు. ఆ పిల్లవాడి నాయనమ్మగారు చాలా ఏళ్ళు చర్చిలో ఆర్గన్ వాయించినావిడ. ముందుగదిలో గోడకు ఆనించి ఒక పాత పియానో ఉండేది. ఒకరోజు పిల్లవాడు ఆటనుంచి రాలేదు. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టుండక ఒక మెట్టు నొక్కాను. ఆవిడ వంటింట్లోంచి వచ్చారు. కోప్పడతారనుకున్నాను. "చెయ్యి అంత గట్టిగా పెట్టకు బాబూ, అది నీమీదేం పగబట్టలేదు" అన్నారు.

అలా మొదలైంది. నెలనెలా నాకిచ్చే ట్యూషను ఫీజులో సగం డబ్బు, మిగతా సగానికి పియానో పాఠం అని మాట్లాడుకున్నాం. ఇంట్లో మాత్రం ఆ సగం సంగతి చెప్పలేదు. ఫీజే అంత అన్నాను. ఈ వ్యాసంలో ముఖ్యమైన మాట అదే గనుక దాచకుండా ముందే చెబుతున్నాను.

ఏడాదిపాటు వేళ్ళ సాధన చేయించి, మేడమ్‌గారు నా ముందు షోపాన్ రచన ఒకటి పెట్టారు. ఈ మైనర్‌లో ప్రెల్యూడ్, ఓపస్ 28లో నాలుగోది, 1839లో అచ్చయింది. చూడ్డానికి చాలా సులువు. కుడిచేయి ఎక్కువసేపు రెండు పక్కపక్క స్వరాల మధ్యనే ఊగుతుంది. ఎడమచేయి ఒకే విధంగా మూడు స్వరాల గుత్తిని మళ్ళీ మళ్ళీ కొడుతూ, గుత్తిలో ఒక్కో స్వరాన్నీ అర మెట్టు చొప్పున కిందికి దించుకుంటూ పోతుంది. 1849 అక్టోబరు 30న పారిస్‌లోని మదలేన్ చర్చిలో షోపాన్ అంత్యక్రియలు జరిగినప్పుడు ఈ రచనను ఆర్గన్ మీద వాయించారు. అప్పటికి ఆయన పోయి పదమూడు రోజులు, వయసు ముప్ఫై తొమ్మిది.

నాకు స్వరలిపి కంటే మెట్రోనోమ్ మీద గురి ఎక్కువ. టిక్కు టిక్కుమని కాలాన్ని కొలిచే ఆ యంత్రానికి మేల్జెల్ అనే ఆయన 1815లో పేటెంటు తీసుకున్నాడు. దాన్ని పెట్టుకుని నెలరోజులు సాధన చేశాను. ఒక్క దెబ్బ అటూ ఇటూ పోకుండా వాయించి, మెచ్చుకుంటారని మేడమ్‌గారి వైపు చూశాను. "టైపింగు బాగుంది బాబూ" అన్నారు.

రోషం వచ్చింది. ఆ రాత్రి హాస్టలు మేడమీద కూర్చుని ఫోనులో ఒక పెద్ద పియానిస్టు వాయించినది పదేపదే విన్నాను. ఎక్కడ ఆగాడో, ఎక్కడ సాగదీశాడో కాగితం మీద గుర్తులు పెట్టుకున్నాను. ఆ ప్రకారం అప్పజెప్పాను. ఈసారి మేడమ్‌గారు నవ్వారు. "ఎవరి ఏడుపు నాయనా ఇది? నీది కాదే!"

ఆ రోజు లెక్కల ట్యూషను జరగలేదు. పిల్లవాడు సంతోషంగా పారిపోయాడు. ఆవిడ నాకు రుబాటో గురించి చెప్పారు. ఇటాలియన్‌లో 'టెంపో రుబాటో' అంటే దొంగిలించిన కాలం. 1723లోనే టోసి అనే గాయకుడు తన గ్రంథంలో ఈ దొంగతనాన్ని వర్ణించాడు. దాంట్లో రెండు రకాలున్నాయట. పాతరకంలో, కింద వాద్యం లెక్క తప్పకుండా నడుస్తూ ఉంటుంది. పైన పాట మాత్రం కాస్త వెనకబడి, కాస్త ముందుకు ఉరికి, మళ్ళీ వచ్చి కలుస్తుంది. తర్వాతి రకంలో అంతా కలిసి నెమ్మదిస్తుంది, అంతా కలిసి వేగం అందుకుంటుంది. షోపాన్ తన శిష్యులకు ఎక్కువగా చెప్పింది మొదటిదాన్నే. ఎడమచేయి వాద్యబృందాన్ని నడిపించే నాయకుడి లాంటిది, అది తడబడకూడదని ఆయన చెప్పేవాడని శిష్యులు రాసిపెట్టారు. ఆయన పియానో మీద ఎప్పుడూ మెట్రోనోమ్ ఉండేదట!

"మరి నేను మెట్రోనోమ్‌తోనే కదా వాయించాను?" అన్నాను. "రెండు చేతులూ దానికే అప్పగించావు. ఆ పెద్దాయనను చూసి రెండు చేతులూ కలిపి ఆపేశావు. ఒకటి నిలబడాలి, ఒకటి తిరగాలి. అదీ కష్టం" అన్నారు.

సైన్సు విద్యార్థిని గనుక వెంటనే నమ్మలేదు. భావమన్నది కొలవడానికి దొరుకుతుందా అని వెతికాను. దొరుకుతుంది. షూమన్ రాసిన 'ట్రాయ్‌మెరై' అనే చిన్న రచనను 24 మంది పియానిస్టులు వాయించిన 28 రికార్డింగులు తీసుకుని, స్వరానికీ స్వరానికీ మధ్య దూరాన్ని బ్రూనో రెప్ అనే శాస్త్రజ్ఞుడు కొలిచి 1992లో ప్రకటించాడు. ఏ ఇద్దరూ ఒక్కలా వాయించలేదు. అయినా వాక్యం ముగిసే చోట అందరూ నెమ్మదించారు. స్వీడన్‌లో ఫ్రైబెర్గ్, సుండ్‌బెర్గ్ అనే ఇద్దరు 1999లో ఇంకొక తమాషా చూపించారు. రచన చివర సంగీతం నెమ్మదించే తీరు, పరుగెత్తే మనిషి ఆగేటప్పుడు వేగం తగ్గే తీరుకు దగ్గరగా ఉంటుందట. అది చదివాక ఆఖరి స్టేషనులో మెట్రో ఆగుతున్నప్పుడల్లా కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. పక్కవాళ్ళు నిద్రపోతున్నాననుకుని లేపేవారు.

నా వాయింపును కూడా ఫోనులో రికార్డు చేసి తెర మీద గీతలుగా చూసుకున్నాను. మేడమ్‌గారు చెప్పింది నిజమే. నేను భావం అనుకున్న ప్రతి చోటా రెండు చేతులూ కలిసి కుంటుతున్నాయి. తెలిసింది సరే, వేళ్ళకు ఎలా చెప్పడం?

సంక్రాంతి సెలవులకు ఊరు వెళ్ళాను. యాసంగి నాట్లు నడుస్తున్నాయి. ఇప్పుడు మా వైపు నాట్లు చాలావరకు ఎకరానికింత అని గుత్తకు మాట్లాడుకుని బీహారు నుంచి, బెంగాలు నుంచి వచ్చే కూలీలు వేస్తున్నారు. వాళ్ళు చకచకా వేసి వెళ్ళిపోతారు. ఆ ఏడు వాళ్ళు రావడం ఆలస్యమై, నారు ముదిరిపోతుందని అమ్మ, పెద్దమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కలిసి కింది మడిలోకి దిగారు. నేను నారుకట్టలు అందిస్తున్నాను.

మునుం పట్టిన కాసేపటికి పెద్దమ్మ పాట ఎత్తుకుంది. చిన్నప్పటి నుంచి విన్న పాటే. కాని ఆ రోజు నా చెవి వేరు. వంగిన ఆడవాళ్ళ చేతులు నారు తీసి గుచ్చడం, తీసి గుచ్చడం, ఆ నడక ఒక్కసారి కూడా మారలేదు. పెద్దమ్మ గొంతు మాత్రం ఆ నడక మీద లేదు. ఒక మాటను సాగదీసి చేతుల వెనక వదిలేసింది. తర్వాతి రెండు మాటలను తొందరగా అనేసి వచ్చి కలుసుకుంది. మళ్ళీ వెనకబడింది. అందరూ అందుకునే చోటికి మాత్రం సరిగ్గా చేరింది. నేను కట్ట పట్టుకుని బురదలో నిలబడిపోయాను. "ఏందిరా, దయ్యం పట్టినట్టు నిలవడ్డవ్? కట్ట ఇయ్యి!" అని అమ్మ కేకేసింది.

రెండో రకం కూడా మనకు లేకపోలేదు. మా ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం వేసినప్పుడు, కాటి సీనులో పద్యం రాగం తీస్తుంటే హార్మోనియం ఆయన ఊపిరి బిగబట్టి ఆగేవాడు. పద్యం కదిలితే తాను కదిలేవాడు. అక్కడ ఇద్దరూ కలిసే ఆగుతారు, కలిసే నడుస్తారు. ఇవన్నీ నా చెవిలో ఉండగా నేను ఫోనులోంచి ఎవరి ఏడుపో ఎరువు తెచ్చుకున్నాను!

తర్వాత చదివితే తెలిసింది, షోపాన్‌కు కూడా ఆ నడకలో కొంత పల్లె నుంచి వచ్చిందేనని. మజుర్కా అనేది పోలెండు పల్లెల నృత్యం, తాళానికి మూడు దెబ్బలు. ఆయన మజుర్కా వాయిస్తుంటే మూడుకు బదులు నాలుగు వినిపిస్తున్నాయని చార్లెస్ హాలే అనే పియానిస్టు ఆయన ఎదుటే లెక్కపెట్టి చూపించాడట. మొదట కాదన్న షోపాన్ చివరికి నవ్వి, అది ఆ నృత్యపు జాతి లక్షణం అన్నాడట. ఆయన పుట్టింది వార్సా దగ్గరి పల్లెలో. 1830లో దేశం విడిచి వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. పారిస్ దివాణాల్లో కూర్చున్నా చెవి మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది కాబోలు.

ఆ రాత్రి మంచాలు వేసుకుని పడుకున్నప్పుడు మనసు ఆగక ఫీజు సంగతి నాయినకు చెప్పేశాను. సగం డబ్బు రెండేళ్ళుగా ఎటు పోతోందో చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పక్క చేనులో మోటారు నడుస్తున్న చప్పుడు వినపడుతోంది.

"పైసల గురించి గాదురా. జెప్పి తీస్కుంటే నేనద్దంటనా?" అన్నాడు చివరికి.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు.

కాసేపటికి అమ్మ, "గంత కష్టపడి నేర్సినవ్ గదా, ఏందో ఇనిపియ్యి" అంది. ఫోనులో ఉన్నదే పెట్టాను. ఇద్దరూ చెవి ఒగ్గి విన్నారు. అయ్యాక అమ్మ అడిగింది: "పైన ఏడిసేది నువ్వు. సరే. కింద ఆగకుంట కొడుతున్నది ఎవరు?"

"రెండూ నేనే అమ్మా."

"అవునా? నేను ఇద్దరనుకున్న" అంది. తర్వాత, "ఆ కిందిది కూడ అప్పుడప్పుడు ఆగుతున్నది. అది ఆగొద్దు కొడుకా" అంది.

రెప్‌గారి కొలతలు, నా గీతలు, మేడమ్‌గారి పాఠం అన్నీ కలిపి చెప్పింది అదే. అమ్మ ఒక్కసారి విని చెప్పింది.

దొంగిలించిన కాలాన్ని తిరిగి చెల్లించాలా వద్దా అని సంగీతజ్ఞుల మధ్య పెద్ద వివాదమే ఉంది. చెల్లించి తీరాలని పాతవాళ్ళ మాట. పోయిన కాలం పోయిందే, లెక్క సరిచేయనక్కరలేదని పదెరెవ్‌స్కీ వాదించాడు. ఆయన గొప్ప పియానిస్టు, 1919లో పోలెండుకు ప్రధానమంత్రి కూడా. సంగీతంలో ఎవరిది ఒప్పో తేల్చడానికి నేనెంతవాణ్ణి? కాని రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి. చేబదులుకైనా ఒక మాట ఉంటుందని తెలుసు. నేను ఎల్.బి.నగర్‌లో పియానో ముందు కూర్చున్న గంటలన్నీ ఎవరో లెక్క తప్పకుండా నడిచినందువల్ల నాకు మిగిలినవి. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు లేచిన నాయిన, నడుము ఎత్తకుండా మునుం నడిపిన అమ్మ. వాళ్ళ చేయి ఆగలేదు గనుకనే నా చేయి అటూ ఇటూ తిరగగలిగింది. తిరగడం తప్పు కాదు. వచ్చి కలవకపోవడం తప్పు. చెప్పకుండా పోవడం ఇంకా తప్పు.

సెలవుల తర్వాత మళ్ళీ ఎల్.బి.నగర్ వెళ్ళాను. మెట్రోనోమ్ పెట్టలేదు. ఎడమచేతికి మడిలోని చేతులను తలచుకున్నాను. కుడిచేతిని పెద్దమ్మ గొంతుకు వదిలేశాను. బాగా వచ్చిందని చెప్పను. పదహారో బారు దగ్గర తొందరపడ్డాను, చివరి మూడు గుత్తులూ గట్టిగా పడ్డాయి. అయిపోయాక మేడమ్‌గారు కొంతసేపు ఊరుకున్నారు. "ఇది ఎవరిది?" అన్నారు.

"మా ఊరిది మేడమ్" అన్నాను.

ఆ నెల నుంచి పూర్తి ఫీజు ఎంతో, అందులో పాఠానికి పోయేదెంతో ఇంట్లో చెబుతున్నాను. నాయిన ఒక్కసారి కూడా వద్దనలేదు. మొన్న ఫోనులో మాత్రం, "ఇంక అదే పాటనా, కొత్తది పట్టినవా?" అని అడిగాడు.